సర్టిఫికెట్ రావలసిన తలుపు

బుధవారం పొద్దుటి నుంచి దరియావలి ఒకే బటన్‌ను నాలుగుసార్లు నొక్కాడు. నాలుగుసార్లూ తెర మీద ఒకటే వాక్యం వచ్చింది: ‘ఈ వెబ్‌సైట్ డొమైన్ మీదేనని నిర్ధారించలేకపోయాం.’

“మాది కాకపోతే ఎవరిదంట?” అన్నాడు తెరతో.

వినుకొండ దాటాక హైవే పక్కన సూఫీల ఆశ్రమం ఒకటి ఉంది. ఖాన్‌ఖా అంటారు. అక్కడి గురువు జైనుల్లా షా. దరియావలి ఆరేళ్లుగా ఆయన శిష్యుడు. అంతకుముందు హైదరాబాదులో ఒక కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూసేవాడు.

ఖాన్‌ఖాకు ఒక వెబ్‌సైట్ ఉంది. రక్తం ఇవ్వదలచినవాళ్లు అందులో పేరు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు నమోదు చేసుకుంటారు. అవసరం పడ్డవాళ్లకు దరియావలి ఫోన్ చేసి కలుపుతాడు. ఎవరో భక్తుడు కొనిచ్చిన భద్రతా సర్టిఫికెట్ గడువు రెండు నెలల క్రితం తీరిపోయింది. అప్పటినుంచి సైటు తెరిచిన ప్రతివాళ్ల ఫోన్‌లోనూ ముందు ఎర్ర హెచ్చరిక కనిపిస్తోంది. ఇది సురక్షితం కాదు, మీ వివరాలు ఎవరైనా దొంగిలించవచ్చు అని. ఈ రెండు నెలల్లో ఒక్క కొత్త పేరు రాలేదు.

శుక్రవారానికి ఒక పేరు కావాలి. వినుకొండలో ఉండే సువార్తమ్మ కూతురు కెజియాకు తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. బి నెగటివ్. జాబితాలో ఉన్న ఐదుగురిలో నలుగురు ఈమధ్యే ఇచ్చారు, మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి. ఐదో ఆయనకు కామెర్లు.

పొద్దున సువార్తమ్మ ఫోన్ చేసింది. “ఎవురన్నా దొరికారా అన్నా?”

“సాయంత్రానికి సైటు బాగవుద్దమ్మా.”

నిన్నా అదే మాట చెప్పాడు.

సైటు ఉన్నది చవక సర్వర్‌లో. ఒకే యంత్రాన్ని కొన్ని వందల సైట్లు పంచుకుంటాయి. ఏడాదికింత అని కడితే చాలు. ఉచిత సర్టిఫికెట్ కోసం కంట్రోల్ ప్యానెల్‌లో ఒక బటన్ కూడా ఇచ్చారు. నొక్కితే రెండు నిమిషాల్లో వస్తుందని దాని పక్కనే రాసి ఉంది. దరియావలి నొక్కడం మొదలుపెట్టి మూడు గంటలైంది. సర్వర్ కంపెనీ సహాయకుడు చాట్‌లో, “మీ ఇబ్బందికి చింతిస్తున్నాం. బ్రౌజర్‌లో కాషే, అంటే దాచి ఉంచిన పాత పేజీలు, తీసేసి మళ్లీ ప్రయత్నించండి,” అన్నాడు. తీసేశాడు. రాలేదు. ఇంకో సహాయకుడు వచ్చాడు. అతనూ చింతించాడు. అతనూ కాషే తీసేయమన్నాడు.

ఐదోసారి నొక్కాడు. ఈసారి ఆ వాక్యం కింద ఇంకోటి చేరింది: ‘ఎక్కువసార్లు విఫలమైంది. ఒక గంట తర్వాత ప్రయత్నించండి.’

లాప్‌టాప్ మూత చప్పుడయ్యేలా మూశాడు. గుమ్మంలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్న జైనుల్లా షా తలెత్తారు.

“ఎవరి మీద కోపం బేటా?”

“ఆ కంపెనీ మీద బాబా. ఏం అడిగినా కాషే తీసేయమంటారు. వాళ్లకు వచ్చిన విద్య అదొక్కటే.”

“సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్లేనా?”

“కాదు, అది వేరే సంస్థ. వాళ్లు మనకో చీటీ పంపిస్తారు. మన సైట్లో వాళ్లు చెప్పిన చోట అది పెట్టాలి. వచ్చి చూసుకుంటారు. చీటీ కనపడితే ఇల్లు మనదేనని నమ్ముతారు.”

“పెట్టావా?”

“పెట్టాను. ఉంది. కళ్లారా చూశాను.”

“వాళ్లొచ్చారా?”

“వస్తే ఈ గోల ఎందుకు? వాళ్ల పని వాళ్లు చెయ్యరు. మనవైపు తప్పుండే ప్రసక్తే లేదు బాబా. పోయినేడు ఆ జూదం ప్రకటనలవాళ్లు సైట్లో దూరారు చూడండి, ఆ తర్వాత నేను రాసిన కట్టుదిట్టాలకి ఒక్క పురుగు లోపలికి రాలేదు.”

గురువుగారు తల ఊపారు. చేట పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచి, మెల్లగా బయటికి వెళ్లారు.

దరియావలి మళ్లీ మూత తెరిచి కంపెనీకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. మొత్తం పదకొండు వాక్యాలు. మూడోదాంట్లో ‘అసమర్థులు’ అని ఉంది. ఏడోదాంట్లో వినియోగదారుల కోర్టు వచ్చింది.

తొమ్మిదో వాక్యంలో ఉండగా వంటింటి వెనక తలుపు ఎవరో తట్టారు.

“అది తియ్యం. ముందు నుంచి రండి,” అని కేకేశాడు.

కాసేపాగి మళ్లీ తట్టారు. మళ్లీ అదే కేక వేశాడు. మూడోసారికి జవాబివ్వలేదు. నాలుగోసారి తట్టినప్పుడు ఉత్తరం పంపేశాడు. ఐదోసారికి లేచాడు.

“చెప్తుంటే వినపడదా ఏంది,” అని సణుగుతూ వంటింట్లోకి వెళ్లాడు. మెడలో తాడుకు వేలాడుతున్న తాళంచెవితో తాళం తీశాడు.

మెట్టు మీద జైనుల్లా షా కూర్చుని ఉన్నారు. ఎండ ఆయన తలపాగా మీదికి వచ్చేసింది.

“మీరా బాబా. ముందు తలుపు తీసే ఉందిగా.”

“ఈ తలుపు దగ్గరికి రమ్మన్నారు.”

“ఎవరు?”

ఆయన గోడ పట్టుకుని లేచారు. మెట్టు పక్కన నీళ్ల కుండ బోర్లించి ఉంది. పోయినేడు దాకా హైవే మీద లారీలు ఆపి డ్రైవర్లు ఈ తలుపు దగ్గరికే నీళ్లకు వచ్చేవాళ్లు. వంటింట్లో రెండు ఇత్తడి గిన్నెలు పోయాక ఈ తాళం వేసింది దరియావలే. సైట్లో జూదంవాళ్లు దూరిందీ ఆ నెలలోనే.

అతను చేతిలో ఉన్న తాళం వంక చూశాడు. తర్వాత గబగబా లోపలికి వెళ్లాడు.

సైటుకు తను రాసిన కట్టుదిట్టాల ఫైలు తెరిచాడు. నాలుగో వరుసలో ఉంది: పేరు ముందు చుక్క ఉన్న ఏ ఫోల్డరూ బయటివాళ్లకు తెరుచుకోకూడదు. చీటీ ఉన్న ఫోల్డరు పేరు ముందు చుక్క ఉంది. తను చీటీ చూసింది లోపలి నుంచి.

సర్వర్‌లో రాకపోకల పట్టీ తీశాడు. పొద్దుటి నుంచి సర్టిఫికెట్ సంస్థవాళ్లు ఐదుసార్లు వచ్చారు. ఐదుసార్లూ ‘ప్రవేశం లేదు’ అని తిరుగు జవాబు వెళ్లింది.

ఆ ఒక్క ఫోల్డరుకు మినహాయింపు ఇస్తూ ఒక వరుస చేర్చాడు. గంట గడవడానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది. బటన్ జోలికి పోకుండా కూర్చున్నాడు. తర్వాత ఒకసారి నొక్కాడు. నిమిషం లోపే సర్టిఫికెట్ వచ్చింది. ఫోన్‌లో సైటు తెరిచి చూశాడు. ఎర్ర హెచ్చరిక లేదు.

జాబితాలో పాతవాళ్లందరికీ సందేశం పంపాడు: సైటు బాగైంది, బి నెగటివ్ కావాలి, తెలిసినవాళ్లకు చెప్పండి.

ఆ రోజు ఎవరూ రాలేదు. గురువారం పదకొండు గంటలకు ఒక పేరు వచ్చింది. అంకమ్మరావు, నరసరావుపేట, టైర్ల కొట్టు, బి నెగటివ్. ఆయనతో మాట్లాడి, సువార్తమ్మకు ఫోన్ చేశాడు.

“రేపు పొద్దున్నే బువ్వ తిని రమ్మనన్నా ఆయన్ని,” అందామె. “ఉత్త కడుపుతో ఇస్తే కళ్లు తిరుగుతయ్యి.”

సంగతి చెబుదామని దరియావలి గురువుగారిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆయన వెనక మెట్టు దగ్గర కుండలో నీళ్లు పోస్తున్నారు.

“దొరికాడు బాబా.”

“అల్‌హమ్‌దులిల్లా.” చెంబు కింద పెట్టారు. “కంపెనీకి ఉత్తరం రాశావుగా?”

“పంపేశాను.”

“ఇంకోటి రాయి.”

దరియావలి రాయడానికి లోపలికి నడిచాడు. నడుస్తూ, అలవాటు కొద్దీ వెనక తలుపును దగ్గరికి లాగాడు. ఆగాడు. మళ్లీ బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా కింద ఒక ఇటుక పెట్టాడు.