మోసిన వీపు, మెరిసిన వీపు

అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. పిల్లకు జ్వరమొస్తే "వాళ్ళమ్మ చూసుకుంటుందిలే" అంటాడు తండ్రి. పిల్లకు చెప్పులు తెగిపోతే "వాళ్ళ నాన్న కొంటాడులే" అంటుంది తల్లి. అదే పిల్ల పేరు మీద పిడికెడు బియ్యం ఇస్తారని తెలిస్తే మాత్రం ఇద్దరూ సంచులు పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటారు. ఆలుమగలకు పొసగక విడిపోతే అది మీ ఇష్టం. పిల్ల మీ ఇద్దరి నుంచీ విడిపోలేదు కదా? సిగ్గుండాలి. మనుషుల పేర్లు పెట్టి చెబితే భుజాలు తడుముకుంటారు కాబట్టి ఎలుగుబంట్ల సంగతి చెబుతాను. కుదురుగా కూర్చుని వినండి.

ఒక కొండ అడవిలో వాగు పక్కన పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఎండలు ముదిరితే ఆ అడవిలో దుంపలు ఎండిపోయేవి, చెదలు పుట్టల అడుక్కి దిగిపోయేవి. సరిగ్గా అప్పుడే ఆ చెట్టు పూలు రాల్చేది. తెల్లారేసరికి చెట్టు కింద నేల కనపడనన్ని తియ్యటి పూలు. ఆ పూలకు ఒక కట్టుబాటు ఉంది. వీపున పిల్లను మోసే ఎలుగు ముందు ఏరుకోవాలి. అది తిని, పిల్లకు పెట్టి, పక్కకు జరిగాకే మిగతా వాళ్ళు రావాలి. ఈ కట్టుబాటుకు కాపలా ఒక ముసలి అడవిదున్న. అందరూ పెద్దయ్య అని పిలిచేవాళ్ళు. నెమరు వేయడం పూర్తయితే గాని మాట్లాడే అలవాటు లేదు ఆయనకు.

కొండమ్మ అనే ఆడ ఎలుగు, జూలయ్య అనే మగ ఎలుగు వానాకాలంలోనే విడిపోయారు. జూలయ్య వాగు అవతలకు వెళ్ళిపోయాడు. వాళ్ళ కూతురు గోగి కొండమ్మ వీపు మీద ఉండిపోయింది. జూలయ్యకు తన జుట్టంటే ప్రాణం. మెడ నుంచి నడుము దాకా నిగనిగలాడే నల్లటి జుట్టు. దాన్ని వాగు నీళ్ళలో చూసుకోనిదే అతనికి పొద్దు గడిచేది కాదు. కొండమ్మకు వాగులోకి తొంగి చూసే తీరిక లేదు. వీపు మీద పిల్ల ఉండగా తేనెపట్టు జోలికి పోలేదు, ఈగలు పిల్లను కుడతాయి. చెట్లెక్కలేదు, పిల్ల జారిపడుతుంది. వానలు పడేదాకా తల్లీకూతుళ్ళ ప్రాణం నిలబెట్టేవి ఆ ఇప్పపూలే.

పూలు రాలడం మొదలైన పొద్దునే జూలయ్య గుట్టెక్కి వచ్చాడు.

"ఏమే కొండమ్మా, గోగి నాకు మాత్రం కూతురు కాదా? పూలన్నీ నువ్వొక్కదానివే ఊడ్చుకుపోతే ఎలా?"

"నీకూ కూతురే. ఎవరు కాదన్నారు?" అంది కొండమ్మ. "ఒకరోజు నా దగ్గర ఉంటుంది, ఒకరోజు నీ దగ్గర ఉంటుంది. నీ రోజున నువ్వు మొయ్యి, పూలు నువ్వే ఏరుకో. పుట్ట తవ్వి చెదలు పెట్టు. ముల్లు గుచ్చుకుంటే తియ్యి. నిద్రలో వీపు తడిపితే కడుక్కో."

జూలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "మొయ్యడమా! ఆ గోళ్ళతో నా జుట్టంతా పీకి పెడుతుంది."

"మరి పూలెందుకయ్యా నీకు?"

"తండ్రిని కాబట్టి!"

"పూలు ఏరుకునేటప్పుడే గుర్తొచ్చిందా ఆ మాట?"

"చూస్తుండు. ఆ చెట్టు కిందకు నిన్ను రానివ్వకుండా చెయ్యకపోతే నా పేరు జూలయ్య కాదు!"

అతను వెళ్ళాక కొండమ్మ గోగి వైపు చూసింది. ఆ పూలు పోతే గోగి వానల దాకా బతకదని ఆమెకు తెలుసు. అయినా ఎవరి గుహ ముందుకూ వెళ్ళి ఏడవలేదు. "పద తల్లీ, పుట్ట దగ్గరికి పోదాం" అని నడుం వంచింది. గోగి ఎప్పటిలాగే ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది కొండమ్మకు వెనకాల తెలిసింది. జూలయ్య మొహం వేలాడేసుకుని వాగు ఒడ్డున కూర్చుంటే నక్క వచ్చి పలకరించిందట.

"ఏం బావా, జుట్టు రాలిపోతోందా?"

"నోరు మూసుకో. పూల గొడవ."

సంగతంతా విని నక్క మూతి నాకుకుంది. "ఇంతేనా? పెద్దయ్య చూసేది వీపు. పిల్లను మోసిన వీపు మీద జుట్టు అణిగి ఉంటుంది. నీ జుట్టు కూడా అణిగితే అయిపోయె! అదిగో బంకచెట్టు. నువ్వు కూర్చో, పూసే పని నాది."

"నీకేం కావాలి?"

"మనలో మనకు బేరాలేంటి బావా? నువ్వు తిన్నాక మిగిలినవి చాలు. ఓ సగం మిగిల్చు."

నక్క చెట్టుకు కారిన బంక తెచ్చి మెడ నుంచి తోక దాకా దట్టంగా పూసింది. జుట్టు ఒక్క వెంట్రుక లేవకుండా అతుక్కుపోయి, ఎండకు తళతళ మెరిసింది.

మర్నాడు పొద్దున చెట్టు కింద జంతువులన్నీ చేరాయి. జూలయ్య ఛాతీ విరుచుకుని పెద్దయ్య ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, గోగిని సగం రోజులు మోసేది నేనే. ఈవిడ చెప్పుకోదు. మోసీ మోసీ అణిగిపోయిన నా వీపు చూడండి!" అని తిరిగి చూపించాడు. "ఇక ఈవిడ వీపు చూడండి. చెదపట్టిన చాపలా అక్కడక్కడా ఊడిపోయి, అక్కడక్కడా మట్టిపట్టి... పిల్లను ఇలాగేనా పెంచేది?"

కోతులు కిచకిచ నవ్వాయి. కొండమ్మ మాత్రం తల దించలేదు. ఆమె వీపు మీద జుట్టు రెండు పాయలుగా విడిపోయి ఉంది. భుజాల దగ్గర గోళ్ళు పట్టిన చోట చర్మం కాయలు కాసింది.

"ఇది నా కూతురు కూర్చునే పీట. దీన్ని ఎవరి ముందు చూపించడానికైనా నాకు సిగ్గు లేదు. పెద్దయ్యా, నా మీద జాలిపడి ఒక్క పువ్వు ఇవ్వొద్దు. ఈయన సగం రోజులు మోస్తున్నానంటున్నాడు. ఇవాళ ఈయన రోజే అనుకోండి. పిల్లను ఎక్కించుకుని వాగు దాకా వెళ్ళి రమ్మనండి. వెళ్ళొస్తే ఇవాళ్టి పూలన్నీ ఈయనవే."

పెద్దయ్య నెమరు ఆపాడు. "న్యాయంగానే ఉంది. ఎక్కించుకో జూలయ్యా."

"ఓస్, ఇంతేకదా!" అని జూలయ్య నిటారుగా నిలబడ్డాడు.

గోగి తల్లి వీపు దిగి తండ్రి దగ్గరికి వెళ్ళింది. పైకి చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది.

"నాన్నా, వంగు."

"ఎందుకు?"

"వంగకపోతే ఎలా ఎక్కుతారు?"

ఈసారి కోతుల నవ్వు వేరే వైపు తిరిగింది. జూలయ్య గొణుక్కుంటూ వంగాడు. గోగి ఎగిరి ఎక్కింది, పిడికిళ్ళతో జుట్టు కోసం వెతికింది. పట్టుకుందామంటే ఒక్క వెంట్రుక చేతికి రాలేదు. బంక ఎండి పెంకులా బిగుసుకుపోయి ఉంది. జూలయ్య అడుగు వేయగానే పిల్ల సర్రున జారి పూల మీద పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది.

"అమ్మా, ఈ వీపుకు పట్టు లేదు!" అంది గోగి. "వానకు తడిసిన బండలా ఉంది."

పెద్దయ్య దగ్గరికి వచ్చి వీపు వాసన చూశాడు. "బంక! ఒరేయ్ జూలయ్యా, పిల్ల జుట్టు పట్టుకుని కూర్చుంటుందని కూడా నీకు తెలియదురా? ఒక్కపూట మోసినా తెలిసేది."

జూలయ్య నక్క కోసం చూశాడు. నక్క ఎప్పుడో పొదల్లో దూరింది.

"కొండమ్మా, చెట్టు నీది" అన్నాడు పెద్దయ్య. "జూలయ్యా, పిల్ల నీ కూతురు కాదని ఎవరూ అనరు. మోసిన రోజున వచ్చి ఏరుకో. మొయ్యని రోజున ఈ నీడలోకి కూడా రాకు."

 కొండమ్మ గోగిని దులిపి, ఎక్కించుకుని, తల ఎత్తుకుని చెట్టు కిందకు నడిచింది. నవ్విన కోతులే జరిగి దారి ఇచ్చాయి.

జూలయ్యకు అప్పటికైనా మోయాలనిపించలేదు. బంక వదిలితే చాలనుకుని వాగుకు పరిగెత్తాడు. నీళ్ళకు వదల్లేదు. ఇసుకలో పొర్లాడు, వదల్లేదు. చివరికి కొండరాయికి వీపు ఆనించి రుద్దితే బంకతో పాటు జుట్టంతా కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. ప్రాణంగా పెంచుకున్న వీపు బోడిదైపోయింది.

పిల్లను మోయకుండా పిల్ల వాటా అడిగేవాడు చివరికి తన వాటా కూడా పోగొట్టుకుంటాడు. జూలయ్య ఆకలేసి తేనెపట్టు మీద చెయ్యి వేస్తే, అడ్డుకోవడానికి జుట్టు లేని ఆ వీపు మీద ఈగలన్నీ వాలాయి. కేకలు పెడుతూ కొండ దిగి పరిగెత్తాడు. జుట్టు మళ్ళీ మొలిచేదాకా, ఎలుగుబంటిగా పుట్టి కూడా, ఒక్క తేనె చుక్క అతని నాలుక మీద పడలేదు.