ఇరవై ఏడో పిన్ను

ముకుందం చేతులు వణుకుతున్నాయి.

డెబ్బై ఎనిమిదేళ్ల గురువుగారి చేతులు వణికాయంటే వయసు మీద పడిందనుకోవచ్చు. పాతికేళ్లు నిండని వీడికేమొచ్చిందమ్మా! తెరకు అవతల జనం గుసగుసలు. తెరకు ఇవతల స్వామి, మోహినీ వేషంలో, పల్లకీలో కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు. కాసేపట్లో సన్నాయి అందుకుంటుంది. తెర తొలగుతుంది.

ఆ తెర తొలగకపోతే బాగుండునని మొక్కుకున్నాడు ముకుందం. ఎవరికి మొక్కాడో తెలుసా? పక్కనే ఉన్న ఆ స్వామికే!

అసలు సంగతి చెబుతాను, వినండి.

సుందరగిరి కోవెలలో స్వామికి వస్త్రాలు కట్టే అర్చకులు పరాంకుశాచార్యులుగారు. యాభై నాలుగేళ్లుగా బ్రహ్మోత్సవాల ఐదో రోజు మోహినీ అలంకారం ఆయన చేతుల మీదే జరిగింది. ఈ ఏడు ఆయన తన శిష్యుణ్ణి పిలిచి, "నా మోకాళ్లు వంగటం లేదురా ముకుందం. ఈసారి నువ్వు కట్టు. స్వామి ఒప్పుకుంటే ఇకమీదట ఈ సేవ నీది" అన్నారు. మోకాళ్లు కాదు, చేతుల వణుకే కారణమని ఊరంతా చెవులు కొరుక్కుంది.

ముకుందానికి పని రాక కాదు. బట్ట అంటే ప్రాణం వాడికి. పొద్దున్నే స్వామికి పట్టుపంచె కట్టి, మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ఎక్కడ సినిమా వేడుక జరిగినా, రెడ్ కార్పెట్ మీద ఏ తార ఏం కట్టుకుని నడిచిందో చూడాల్సిందే. మెడ ఎలా కత్తిరించారు, కుచ్చు ఎక్కడ మొదలైంది, వెనకాల ఎన్ని గజాల బట్ట పారాడింది, అన్నీ పూసగుచ్చినట్టు రాసేవాడు. ఆ బ్లాగు పేరు 'కుచ్చిళ్ల ముచ్చట'. నలభై వేలమంది చదివేవారు. గురువుగారు ఓసారి కళ్లజోడు సవరించుకుని ఆ బొమ్మలు చూసి, "ఎవరో గానీ బాగా కట్టార్రా!" అన్నారే తప్ప తప్పు పట్టలేదు.

పోయిన నెల తరణి అనే కథానాయిక విదేశంలో ఒక వేడుకకు నురగలాంటి తెల్లగౌను వేసుకుని వెళ్లింది. ముకుందం మురిసిపోయి, "ఆమె నడుస్తుంటే వెనకాలే సముద్రం నడిచొచ్చింది" అని రాశాడు.

గంట తిరక్కుండానే జనం ఎగబడ్డారు. "దోమతెర చుట్టుకొచ్చిందేంట్రా!" "ఆ సముద్రంలో నువ్వు దూకు బాబూ, మాకు పీడా పోతుంది!" తలకో మాట. తప్పెక్కడుందా అని ముకుందం ఆ ఫొటోను పెద్దది చేసి చూశాడు. గౌనులో తప్పు కనపడలేదు. ఆమె కుడిచెయ్యి కనపడింది. నడుము దగ్గర బట్టను గుప్పిట బిగించి పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. పెదవులు నవ్వుతున్నాయి గానీ, కళ్లు మాత్రం తిరనాళ్లలో తప్పిపోయిన పిల్ల కళ్లలా ఉన్నాయి.

ఆ కళ్లు వచ్చి వాడి కడుపులో కూర్చున్నాయి.

ఇప్పుడు వాడి వంతు. పైగా సంబరం ఆపుకోలేక, "శనివారం సాయంత్రం మోహినీ అలంకారం నా చేతుల మీదుగా" అని బ్లాగులో చాటేసుకున్నాడు. చదివినవాళ్లలో ఎందరు వచ్చారో! అవతల ఎన్ని ఫోన్లు పైకి లేచి ఉన్నాయో! పల్లకీ ఊగితే కుచ్చిళ్లు జారవూ? భుజం మీద పైట నిలుస్తుందా?

ఆ భయంలో చేయకూడని పని చేశాడు. ఆ కోవెలలో స్వామి ఒంటికి సూదిమొన తగలనివ్వరు. ఎంత చీరైనా మడతతోనే నిలవాలి. మరీ అయితే మెత్తటి నూలుదారం చుట్టాలి. ముకుందం ఆ తారల గౌన్ల లోపల ఎన్ని పిన్నులుంటాయో చదివినవాడు కదా! మొలలో దాచి తెచ్చిన పిన్నులు తీసి మడతమడతకూ గుచ్చేశాడు. గుచ్చిన ప్రతిసారీ "క్షమించు తండ్రీ" అన్నాడు. అంటూనే ఇంకోటి గుచ్చాడు.

గురువుగారు తెర తప్పించుకుని లోపలికి వచ్చారు. వణికే చేతుల్లో పెద్ద అద్దం.

అక్కడొక పద్ధతి ఉంది. కట్టేవాడు పక్కనుంచో వెనకనుంచో మాత్రమే కట్టాలి. ఎదుటికి వచ్చి చూసుకోకూడదు. అంతా అయ్యాక పెద్దవారొకరు స్వామికి ఎదురుగా అద్దం పడతారు. స్వామి తనను తాను చూసుకుంటాడు. వెనక నిలబడ్డవాడు కూడా, తను కట్టింది ఎలా ఉందో, అప్పుడే ఆ అద్దంలోనే చూస్తాడు.

గురువుగారు అద్దం పట్టారు. ముకుందం చూశాడు.

"ఎవరు కనిపిస్తున్నార్రా?"

స్వామి భుజం మీదుగా రెండు కళ్లు. ఎక్కడో చూసిన కళ్లే.

"నేనేనండీ."

గురువుగారు అద్దం దించారు. వంగలేక వంగి కుచ్చిళ్లకేసి చూశారు. "ఈ గాలికి దీపం కదులుతోంది. తెర కదులుతోంది. స్వామి చీర ఊపిరి తీయటం లేదేం నాయనా?"

ముకుందం చెయ్యి దానంతటదే మొల దగ్గరికి పోయింది.

"ఎన్ని?"

"ఇరవై ఏడండీ."

ఆయన తిట్టలేదు. అరచెయ్యి చాపారు, అంతే.

ముకుందం ఒక్కొక్కటే తీసి ఆ అరచేతిలో పెట్టసాగాడు. చెయ్యి వణుకుతుంటే పిన్నులు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు తెర అవతలికి వినపడుతుందేమోనని హడలిపోయాడు. సన్నాయి మొదలైంది.

"ఇంకా ఎంతసేపండీ ఆచార్యులుగారూ? జనం ఆగటం లేదు!" బయటనుంచి ధర్మకర్త కేక.

"మోహినికి ముస్తాబండీ! మీ ఇంట్లో పెళ్లికి బయల్దేరటానికి ఎంతసేపవుతుందో కనుక్కోండి!" అన్నారు గురువుగారు. బయట నవ్వులు. ముకుందానికి నవ్వు రాలేదు.

ఇరవై ఆరు తీశాడు. ఇరవై ఏడోది ఎడమ భుజం మీద, పైట మడత లోపల ఉంది. అది తీస్తే పైట నిలవదు. పైట జారిన స్వామిని అన్ని ఫోన్లూ చూస్తాయి. వాడి చెయ్యి అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"అయిపోయాయా?"

"అయిపోయాయండీ."

స్వామి ఎదుట, స్వామి ఒంటిమీదే, అబద్ధం!

గురువుగారు లెక్కపెట్టలేదు. పిన్నుల్ని ఉత్తరీయం చెంగున ముడివేసుకుని, తెరతాడు తెచ్చి ముకుందం చేతిలో పెట్టారు.

"లాగు."

వాడు తాడు పట్టుకున్నాడు. అవతల "గోవిందా!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు జనం. లాగలేకపోయాడు. చెమట కళ్లలోకి దిగుతోంది. తాడు వదిలేసి స్వామి దగ్గరికి పరుగెత్తాడు. పైటలో వేలు పెట్టి, ఆ ఒక్క పిన్నూ లాగేసి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

పట్టు జారిన చప్పుడు వినపడింది.

కళ్లు తెరిచాడు. పైట రెండంగుళాలు జారి, తులసిమాల దగ్గర ఆగింది. ఎవరో ఎండనపడి నడిచొచ్చి, ఇప్పుడే చల్లగా చేరగిలబడినట్టుంది.

గురువుగారు మళ్లీ అద్దం ఎత్తారు. "ఇప్పుడో?"

ముకుందం అద్దంలోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఈసారి అందులో తన కళ్లు కనపడలేదు.

ఆయన అద్దం గోడకు ఆనించి, ఆ చివరి పిన్ను కోసం చెయ్యి చాపారు. చెయ్యి గడగడలాడుతోంది. పిన్ను అందులో పెట్టబోతే రెండు చేతులూ ఒకదానికొకటి అందటం లేదు.

"మీకు వయసువల్ల వణుకు. నాకిదేం ఖర్మండీ గురువుగారూ?"

"వయసని ఎవరు చెప్పార్రా నీకు? యాభై నాలుగేళ్లుగా తెర తీసే వేళకు ఇంతే. ఇది ఏ రోజు ఆగుతుందో, ఆ రోజునుంచి నేను ఆయన్ను ముట్టుకోను."

ముకుందం పిన్ను ఆయన అరచేతిలో పెట్టి, వెళ్లి తాడు అందుకున్నాడు.

చేతులు వణుకుతూనే ఉన్నాయి. లాగాడు.