సన్యాసమ్మ ముక్కుపుడక దారి

అనగా అనగా, చెప్పేవాళ్ళకి పళ్ళూ వినేవాళ్ళకి ఓపికా ఉన్న కాలంలో, ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. కొండ బోర్లించిన గంపలా ఉండేది కాబట్టి దానికి గంపకొండ అని పేరు పెట్టారు. ఊరికి గంపవలస అని పెట్టారు. కొండ నెత్తిన ఉన్న అమ్మవారికి గంపాలమ్మ అని పెట్టారు. పేర్లు పెట్టడానికి మా వాళ్ళు ఎప్పుడూ అంతకన్నా కష్టపడలేదు.

కొండెక్కడానికి మూడు దారులు. ఒకటి ఇప్పల దారి. నీడ ఎక్కువ, అందుకని అది పెద్దమనుషుల దారి. రెండోది వెదుళ్ళ దారి. చాటు ఎక్కువ, అందుకని అది పెళ్ళికాని వాళ్ళ దారి. మూడోది రాళ్ళ దారి. అది ఎవరి దారీ కాదు. మేకలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఎక్కేవి.

ఆ ఊళ్ళో సన్యాసమ్మ అని ఒకామె ఉండేది. ఊరందరికీ అప్ప, అంటే అక్క. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండచీపుళ్ళు కోసి, కట్టలు కట్టి అమ్ముకుని బతికేది. ఆమెకున్న బంగారమంతా ఆమె ముక్కు మీదే ఉండేది. కందిగింజంత ముక్కుపుడక. వాళ్ళమ్మ చనిపోయే ముందు తన ముక్కు నుంచి తీసి కూతురి ముక్కుకి పెట్టింది.

ఒక ఏడు మాఘమాసంలో సన్యాసమ్మ చీపురుగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని రాళ్ళ దారిన దిగుతోంది. గడ్డినూగు ముక్కులోకి పోయింది. కొండ పైన ఒకసారి తుమ్మింది. కొండ నడుమ ఒకసారి తుమ్మింది. కొండ దిగాక ఒకసారి తుమ్మింది. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే చేతికి ముక్కే తగిలింది, ముక్కుపుడక తగల్లేదు. ఏ తుమ్ముకి పోయిందో తెలియదు.

మర్నాడు చీపురు పట్టుకుని రాళ్ళ దారి ఎక్కింది. దారంతా చీలమండ లోతు ఎండుటాకు. వంగింది, ఊడ్చింది, చూసింది. ముక్కుపుడక గుండ్రటిది, ఎటు దొర్లిందో ఎవరు చూశారు? అందుకని దారికి అటూ ఇటూ కూడా వెడల్పుగా ఊడ్చింది. కింద మొదలుపెట్టి పైకి వెళ్ళేసరికి చైత్రం వచ్చేసింది. దొరకలేదు. మళ్ళీ ఆకు రాలే కాలం వచ్చింది. మళ్ళీ వంగింది, ఊడ్చింది, చూసింది.

ఊరికి ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు. పనున్నా లేకపోయినా వెళ్ళి దారి మధ్యలో నిలబడి అడిగేవాళ్ళు.

"దొరికిందా, అప్పా?"

"దొరకలేదు. కాలు తియ్యి."

అంతే మాట. ఏడాది తర్వాత ఏడాది అదే మాట.

ఊరిపెద్ద దాలినాయుడు. అతనికి తవిటయ్య అని ఒక బావమరిది. పని తప్పించుకోవడానికి తవిటయ్య పడ్డంత కష్టం ఊళ్ళో ఎవరూ పనిలో పడలేదు. ఒకరోజు సన్యాసమ్మ దగ్గరికి వచ్చి, "ఎందుకప్పా ఈ నడుం నొప్పి? ఒక్క నిప్పురవ్వ వెయ్యి. ఆకంతా బూడిదైపోతాది. బూడిదలో బంగారం తళుక్కుమంటాది" అన్నాడు.

"కరిగిపోతే నీ ముక్కు ఇస్తావా?" అంది సన్యాసమ్మ. "కాలు తియ్యి."

చైత్రంలో గంపాలమ్మ జాతర వచ్చింది. ఆ రోజు ఊరు ఊరంతా కొండ మీదే. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, మేకలు, డప్పులు, ఇంట్లో ఉంటానన్న అత్తగార్లు, అయితే మేమూ ఉంటామన్న కోడళ్ళు, చివరికి అందరూ పైనే. సన్యాసమ్మ మాత్రం జాతరలో అమ్మడానికి చీపుళ్ళ మోపు వీపున కట్టుకుని, తన దారిన ఊడ్చుకుంటూ నిదానంగా ఎక్కుతోంది.

తవిటయ్య ఇప్పల దారిన వెళుతూ ఒక ఆలోచన చేశాడు. అదే తప్పయింది. ఇప్పపూలు రాలే రోజులవి. చెట్టు కింద ఆకు ఊడిస్తే పువ్వు ఏరుకోవడం సులువు. ఊడవడం కన్నా కాల్చడం సులువు. చెట్టు కింద నిప్పు పెట్టి, జాతర నుంచి తిరిగొచ్చేసరికి నేల శుభ్రంగా ఉంటుందని తన తెలివికి తానే మురిసిపోతూ పైకి పోయాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. ఇప్పల దారి మీద పొగ లేచింది.

"ఇప్పల దారి మూసెయ్యండి!" అన్నాడు దాలినాయుడు. దారికి అడ్డంగా ముళ్ళకంప పడేశారు. నిప్పు ముళ్ళకంపని చూసి ఆగుతుందా అని ఎవరూ అడగలేదు. పెద్దమనిషి మాట కదా.

కాసేపటికి ఆ పక్కనే ఉన్న వెదుళ్ళు ఢాం ఢాం అని పేలాయి. జాతర టపాకాయలనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

"వెదుళ్ళ దారి మూసెయ్యండి!" అన్నాడు దాలినాయుడు. రెండో ముళ్ళకంప పడింది.

ఇంక ఏ దారి మూయాలో అతనికి తోచలేదు. ఆ కంగారులో మూడో దారి ఉందని గుర్తే రాలేదు. డప్పులు ఆగిపోయాయి. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకున్నారు. పొగ గుడిమెట్ల దాకా వచ్చింది. అప్పటిదాకా మాట్లాడుకోని అత్తాకోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పరిస్థితి అంత చెడిపోయిందన్నమాట.

అప్పుడు గుడి వెనక బండ మీదుగా ఒక చీపురు కనిపించింది. దాని వెనక సన్యాసమ్మ.

"జాతర అప్పుడే అయిపోనాదా? ఏటలా నిలబడిపోనారు?"

"దారులు రెండూ కాలిపోతన్నాయప్పా!" అన్నాడు దాలినాయుడు.

"నా దారి ఉంది కదా."

"అక్కడ మాత్రం ఆకు లేదా?"

"ఆకేటి, పుల్ల కూడా లేదు. కింద నుంచి ఊడ్చుకుంటూ వస్తన్నాను. పెద్ద మద్దిచెట్టు దాకా అయిపోనాది. అక్కడ నుంచి గుడి దాకా ఈ కాస్త ముక్కే మిగిలింది."

ఆ కాస్త ముక్కలోనే ఆకు మోకాలిలోతు ఉంది. మంట దాని వైపే వస్తోంది. అది అంటుకుంటే మూడో దారి కూడా లేనట్టే.

సన్యాసమ్మ వీపున ఉన్న మోపు విప్పింది. కొత్త చీపుళ్ళు నేల మీద పరిచింది. "పట్టండి" అంది.

ఆడవాళ్ళు వెంటనే పట్టుకున్నారు. మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గంపవలసలో మగవాడు చీపురు పట్టుకున్న దాఖలా అప్పటిదాకా లేదు.

"నాయుడూ, పట్టు."

"నేనా?"

"నీ మీసం అంటుకున్నాక పడతావా?"

దాలినాయుడు పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. అతని భార్య వచ్చి తిప్పి ఇచ్చింది. అది చూసి తక్కిన మగవాళ్ళు కూడా పట్టుకున్నారు. ఊరిపెద్దే ఊడుస్తుంటే ఇంక పరువెవరికి మిగిలింది? చీపురు దొరకనివాళ్ళు కొమ్మలు విరిచారు. పూజారి పైకండువాతో ఊడ్చాడు. ఊరు ఊరంతా వంగింది, ఊడ్చింది. చూడడం మాత్రం మరిచిపోయింది. అందుకని సన్యాసమ్మ ఒక్కొక్కరి వెనకా తిరుగుతూ అరిచింది.

"చూసి ఊడవండర్రా! ముక్కుపుడక!"

"అప్పా, ప్రాణాలు పోతుంటే ముక్కుపుడకేటి?"

"మీ ప్రాణాలు మీ దగ్గరే ఉన్నాయి. నా ముక్కుపుడకే లేదు."

పొగలో ఒకడు నవ్వాడు. పక్కవాడు నవ్వాడు. ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వారు. నవ్వుతూ దగ్గుతూ, దగ్గుతూ ఊడుస్తూ మద్దిచెట్టు దాకా నేల తేల్చేశారు.

మంట వచ్చింది. ఊడ్చిన నేల అంచున ఆగింది. పిలవని పెళ్ళికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా అటూ ఇటూ చూసింది. తినడానికి ఏమీ కనపడలేదు. అక్కడే కూలబడింది.

ముందు ముసలివాళ్ళు దిగారు. తర్వాత పిల్లల తల్లులు దిగారు. ఆ తర్వాత అందరూ దిగారు. గంపాలమ్మని కూడా గంపలో పెట్టి దించారు. ఒక్క మేకపిల్ల కూడా మిగిలిపోలేదు. కొండ ఒక పక్క నల్లగా, ఒక పక్క పచ్చగా, మధ్యలో సన్యాసమ్మ దారి పాపిడి తీసినట్టు కనిపించింది.

కిందికొచ్చాక దాలినాయుడు, "నిప్పు ఎవడు పెట్టాడు?" అని గర్జించాడు. అందరూ అందరినీ చూశారు. తవిటయ్య ఒక్కడే ఆకాశంలో కొంగల్ని చూశాడు. ఆకాశంలో కొంగలు లేవు.

ఊరు అతన్ని తన్నబోయింది. సన్యాసమ్మ అడ్డం వచ్చింది. "తంతే రేపు పనికి రాడు. నాకివ్వండి" అని అతని చేతికి ఒక చీపురిచ్చింది.

అప్పటి నుంచి ఏటా సన్యాసమ్మ ముందు, తవిటయ్య వెనక. వంగారు, ఊడ్చారు, చూశారు. తవిటయ్యకి నడుం నొప్పి వచ్చింది. అతని భార్య ఆ నడుము చూసుకుని మహా సంతోషపడింది.

చాలా ఏళ్ళకి సన్యాసమ్మ ముసలిదై, ఒక ఎండపొద్దున గుమ్మంలో చీపురు కడుతూ కడుతూ కన్నుమూసింది. ముక్కుపుడక దొరకలేదు. ఊరంతా ఏడ్చింది. తర్వాత ఆకు రాలింది. "ఇంకెవరు ఊడుస్తారు?" అని ఒకరినొకరు అడుగుతుండగా తవిటయ్య చీపురు తీసుకుని బయల్దేరాడు. ఊరు అతని వెనకే బయల్దేరింది.

మూడో ఏడు, కొండ నడుమ, ఒక రాతి పగులులో తవిటయ్యకి ఏదో తళుక్కుమంది. తీశాడు. కందిగింజంత ఉంది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత దారి మీద వంగి ఉన్న ఊరిని చూశాడు. కోడళ్ళు, కుర్రాళ్ళు, మీసాలు, చీపుళ్ళు. ఇది దొరికిందంటే రేపటి నుంచి ఒక్కడూ రాడు. తన ఊరి సంగతి అతనికి బాగా తెలుసు. అతనూ ఆ ఊరివాడే కదా.

"ఏట్రా అది?" అన్నాడు దాలినాయుడు.

"రాయి, బావా."

దాలినాయుడు దగ్గరికొచ్చి చూశాడు. బావమరిది మొహం చూశాడు. "రాయే. విసిరెయ్యి" అన్నాడు.

తవిటయ్య కళ్ళు మూసుకుని ఆకుల్లోకి విసిరేశాడు.

ఆ సాయంత్రం తవిటయ్య ఇంట్లో పాయసం వండారు. పండగ లేదు, చుట్టం లేదు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నారు. ఎవరికీ చెప్పొద్దని తవిటయ్య భార్యకి ఒట్టు పెట్టాడు. అందుకని తెల్లారేసరికి ఊరందరికీ తెలిసిపోయింది. తెలిసి కూడా అందరూ చీపుళ్ళు పట్టుకుని కొండెక్కారు.

ఇప్పటికీ మా గంపవలసలో మాఘం వస్తే ఇంటికొక చీపురు రాళ్ళ దారికి వెళ్ళాలి. మగవాళ్ళు ముందు వరసలో ఊడవాలి, చీపురు సరైన పక్క పట్టుకోవాలి. ఎదురుపడితే బాగున్నావా అని ఎవరూ అడగరు. "దొరికిందా, అప్పా?" అంటారు. "దొరకలేదు. కాలు తియ్యి" అంటారు. ఎవరికైనా దొరికితే కళ్ళు మూసుకుని మళ్ళీ విసిరెయ్యాలి, పైకి చెప్పకూడదు. ఆ సాయంత్రం ఏ ఇంట్లో కారణం లేకుండా పాయసం వాసన వస్తే ఆ ఇంటికి ఊరంతా గిన్నెలు పట్టుకుని వెళుతుంది. ఎందుకు వండారని ఎవరూ అడగరు. రెండోసారి మాత్రం వడ్డించమంటారు.

నిన్న మా ఇంట్లో కూడా పాయసం వండాం. ఊరికే. బెల్లం కాస్త ఎక్కువైంది, అంతే.