సందు లేని ముక్కు

అనగనగా, కొండలకీ సముద్రానికీ నడుమ ఒక ఊళ్ళో, మనుషులకంటే పక్షులే ఎక్కువట.

తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడివో వచ్చి చింతచెట్ల మీద వాలేవి. మూతికింద సంచి వేలాడే గూడబాతులు, నల్లటి నీటికాకులు, నత్తలు తినే నత్తగుల్ల కొంగలు. "మన ఆడపిల్లలు పురిటికొచ్చారు" అనేవారు ఊళ్ళోవాళ్ళు. పిల్లలకి రెక్కలొచ్చేదాకా డప్పు కొట్టరు, చెట్టెక్కరు. పురిటిగదిలోకి జొరబడతామేంటి మరి?

ఆ ఊళ్ళో నూకాలని నీ ఈడు పిల్ల. ఒకరోజు పెద్దగాలి వీచింది. ఆ తర్వాత చూస్తే, చెట్టుకింద ఒక పక్షిపిల్ల! ఒళ్ళంతా నూగు, పొడుగు కాళ్ళు. ఆకలికి నోరు తెరుస్తోంది, మూస్తోంది.

పైనేమో మూడు జాతుల గూళ్ళు. పరాయి గూట్లో పెడితే పొడిచేస్తాయి. కిందే ఉంచితే పిల్లి ఎత్తుకుపోతుంది. "దీనమ్మ ఎవరో నాకెలా తెలుస్తుంది?" అని నూకాలుకి ఏడుపొచ్చింది.

అప్పుడు కోళ్ళు పెంచే పైడమ్మత్త దగ్గరికి ఎత్తుకెళ్ళింది. అత్త నూకలు వేసింది. పిల్ల ముట్టలేదు.

"పొట్టి ముక్కయితే గింజలు తింటుంది. వంకర ముక్కయితే చిలకలా పండో, గద్దలా మాంసమో. ఈ బల్లెం లాంటి ముక్కుతో నూకలేం ఏరుతుందే, పిచ్చిదానా!" అని నవ్వింది అత్త.

ఆ తర్వాత బాతులు కాసే గవరయ్య మావ దగ్గరికి పరిగెత్తింది. మావ కాళ్ళు చూశాడు.

"వేళ్ళమధ్య తోలు లేదు. ఈదేవాటికి తెడ్డు పాదాలుంటాయి. బాతుకీ, గూడబాతుకీ, నీటికాకికీ అంతే. ఇది బురదలో నడిచేది. నత్తగుల్ల కొంగే!"

"కాదు మావా! ఆ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది. దీనికేదీ?"

మావ బుర్ర గోక్కున్నాడు. "నిజమేనే. పిల్లని దగ్గరగా చూసిందెవరు, చెట్టెక్కితేగా!"

ఆ తర్వాత ఏడుస్తూ ఇంటికొచ్చి వాళ్ళమ్మమ్మకి చెప్పింది. పిల్ల మెడ అప్పటికే వాలిపోతోంది.

అమ్మమ్మ అంది, "నువ్వు పళ్ళతో పుట్టావుటే?"

నూకాలు ఏడుపు ఆగిపోయింది. అంటే ముక్కులో సందు కూడా పళ్ళలాగే, పెరిగాక వస్తుందన్నమాట! ఒక్క ఉరుకున చేలోకెళ్ళి నత్తని తెచ్చి, చిప్ప పగలగొట్టి పెట్టింది. గుటుక్కున మింగేసింది పిల్ల!

నూకాలు కేకేస్తే అత్తా, మావా పరిగెత్తుకొచ్చారు. మావ మామిడికాయలు కోసే చిక్కం తెచ్చాడు. పిల్లని అందులో కూర్చోబెట్టి, పొడుగు కర్రతో మెల్లగా పైకెత్తాడు. కింది కొమ్మ మీద అచ్చం అలాంటి పిల్లలే ఉన్న గూట్లో దించాడు.

"చెట్టెక్కలేదు కదా, తప్పులేదులే" అంది పైడమ్మత్త.

అందరూ దూరంగా జరిగారు. తల్లికొంగ వచ్చింది. వంగి చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత నత్తలు కక్కి గూట్లో పెట్టింది. అన్నిటితోపాటు మన పిల్లా తింది!

మరుసటేడు తొలకరికి మళ్ళీ కొంగలొచ్చాయి. అన్ని ముక్కుల్లోనూ సందులే. మనది ఏదో నూకాలుకి తెలియలేదు. అందుకని అన్నిటికీ చెయ్యూపింది. "రండమ్మా, రండి!" అని, ముందుపళ్ళు ఊడిన నోటితో నవ్వింది. అచ్చం నీలాగే.

కథేమో కంచికి, కొంగేమో గూటికి,
మనమేమో ఇంటికి, నిద్దరేమో కంటికి!