వెనకబడ్డ పెట్టె

ధనుంజయుడికి ఒళ్ళు మండిపోతోంది. యాకూబు చేసిన స్పీకరు పెట్టె మళ్ళీ వెనకబడింది.

ఇద్దరూ చీరాలలో బాజీ మాస్టారి దగ్గర నాలుగేళ్ళుగా స్పీకర్ల రిపేరు నేర్చుకుంటున్నారు. రేపో మాపో కలిసి షాపు పెట్టుకుందామనుకున్నవాళ్ళు. కంపెనీ చేతులెత్తేసిన రెండు వైర్‌లెస్ స్పీకర్లు దొరికితే, లోపలి బోర్డులు పీకేసి కొత్తవి పెట్టారు. ఎడమది ధనుంజయుడు, కుడిది యాకూబు. ఒకరి సర్వరు మీద ఆధారపడేదేమిటని ఓ పాత కంప్యూటర్నే సర్వరు చేసుకున్నారు. అది పాట పంపుతుంది, రెండు పెట్టెలూ ఒక్కసారే పలకాలి.

పలికితేగా! చేనేత సంఘం హాలు అరవై అడుగులు. ఆ చివరొకటి, ఈ చివరొకటి. ఎడమ పెట్టెలో డప్పు ధన్‌మనగానే, వెనకాలే కుడి పెట్టెలో ఇంకో ధన్. సాయంత్రమే హాలు ప్రారంభం.

"రెండ్రోజులు! రెండ్రోజుల్నించి ఇదే గోల! ఛీ, నీతో జత కట్టడం నాదే బుద్ధితక్కువ. నీ దారి నీది, నా దారి నాది" అని ధనుంజయుడు సంఘం వాళ్ళందరి ముందూ అరిచేశాడు.

యాకూబు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

అప్పుడే వచ్చారు బాజీ మాస్టారు.

"వాడి బోర్డు పీకేస్తున్నా మాస్టారూ! దరిద్రం వదిలిపోతుంది."

మాస్టారు ధనుంజయుడి రెక్క పట్టుకుని హాలు ఆ చివరికంటా లాక్కెళ్ళి, యాకూబు పెట్టె పక్కన నిలబెట్టారు.

"విను."

ధన్. వెనకాలే, ఎడమవైపు నుంచి, ధన్.

"ఏది వెనకబడింది?"

ధనుంజయుడి మొహం మాడిపోయింది. "నాదే మాస్టారూ."

మళ్ళీ రెక్క పట్టుకుని నడిమధ్యకు తెచ్చారు. ధన్. ఒక్కటే దెబ్బ. రెండు పెట్టెల నుంచీ చప్పుడు నడవాల్సిన దూరం ఇక్కడ ఒక్కటే.

"రెండ్రోజులూ ఎక్కడ నిలబడి విన్నావురా?"

"నా పెట్టె దగ్గర."

మాస్టారికి అప్పుడొచ్చింది కోపం.

"అయితే యాకూబును పిలుస్తానుండు. వాడి పెట్టె దగ్గర వాడూ నిలబడి, నిన్ను రెండ్రోజులు తిడతాడు."

ధనుంజయుడు తలుపు వైపు కదిలాడు. యాకూబు కూర్చున్న మెట్లు పదడుగుల దూరంలోనే ఉన్నాయి. అక్కడిదాకా వెళ్ళడానికి వాడికి చాలాసేపు పట్టింది.