తూనీగలు లేని మడుగు

అనగనగనగా, ఊరు కాదే తల్లీ, సముద్రం నడుమ ఒక లంక. దుప్పటి కప్పుకో, ఇది భయం కథ. మధ్యలో లేచి అమ్మ దగ్గరికి పరిగెత్తావంటే మళ్ళీ చెప్పను.

ఆ లంక చుట్టూ ఉప్పునీళ్ళు. మధ్యలో ఒక్కటే మంచినీళ్ళ మడుగు. తాగినా వండినా ఆ నీళ్ళే. ఆ మడుగులో చేపన్నది లేదు. ఉన్నవన్నీ పురుగులే. నీళ్ళ మీద పరుగులు పెట్టేవి కొన్ని, గిర్రున తిరిగేవి కొన్ని, ఇక తూనీగలైతే లెక్కే లేదు. తూనీగ పిల్లలు నీళ్ళలోనే పెరుగుతాయి, తెలుసా? రెక్కలొచ్చే రోజున గడ్డిపరక పట్టుకుని పైకొస్తాయి. సాయంత్రమైతే చాలు, లంకంతా తిరిగి దోమల్ని పట్టుకు తినేవి.

అప్పుడు ఆ లంకకి నూకరత్నం అని కొత్త కోడలొచ్చింది. వాళ్ళ పుట్టింటి వైపు ఒక ఆచారం ఉంది. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు కడవలో బతికున్న కొర్రమీనుల్ని పెట్టి పంపుతారు. వాటిని అత్తారి ఊరి నీళ్ళలో వదిలితే పిల్ల కడుపు పండుతుందట. నూకరత్నం ఆరు కొర్రమీనుల్ని తెచ్చి మడుగులో వదిలింది. అత్త ఆదెమ్మ గట్టు మీదే నిలబడి చూసింది. "ఇందులో చేపల్ని వెయ్యమే అమ్మాయ్" అని ఒక్క మాట అనొచ్చా, లేదా? అనలేదు! తుఫాను రోజుల్లో కూర దొరుకుతుందని మురిసిపోయింది, మహాతల్లి.

ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు. పైడిరాజని పేరు పెట్టారు. చేపలూ పిల్లల్ని పెట్టాయి. ఊరంతా కొర్రమీను పులుసే, ఊరంతా నూకరత్నాన్ని మెచ్చుకోవడమే.

ఆ ఏడు నీళ్ళ మీద పరుగులు పెట్టే పురుగులు కనబడలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఏడు గిర్రున తిరిగేవి పోయాయి. అప్పుడూ పట్టించుకోలేదు. పైడిరాజుకి ఊహ తెలిసేసరికి తూనీగలు పోయాయి. అప్పుడు చూడు, దోమలు లేచాయి! కొబ్బరి చిప్పల్లో, గేదె గిట్టల గుంటల్లో పుట్టే దోమని మడుగులో చేప ఏం చేస్తుంది? దీపాలు పెట్టే వేళకి చెవుల్లో ఒకటే హోరు. ముందు ముసలాళ్ళు పడ్డారు జ్వరంతో. ఆ తర్వాత పడవలు నడిపేవాళ్ళు పడ్డారు. ఆ తర్వాత పైడిరాజు పడ్డాడు.

మూడేళ్ళ పిల్లాడే, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దిష్టి తీశారు. పసర్లు పోశారు. ముడుపు కట్టారు. తగ్గితేనా!

ఒక పొద్దున్న నూకరత్నం నీళ్ళకెళ్ళింది. ఎక్కడిదో ఒక్క తూనీగ పిల్ల గడ్డిపరక పట్టుకుని పైకి పాకుతోంది. అయ్యో, ఎన్నాళ్ళకి కనబడ్డావే అని ఊపిరి బిగబట్టి చూసింది. గుబుక్కున నీళ్ళు లేచాయి. కొర్రమీను దాన్ని మింగేసి మునిగింది. అప్పుడు తట్టింది నూకరత్నానికి. తను కాపురానికొచ్చిన కొత్తలో ఈ లంకలో ఒక్క దోమ కుట్టింది కాదు. కడవ అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తింది.

"అత్తా, నేను తెచ్చిన చేపలే నా బిడ్డని తింటున్నాయి!" అని బావురుమంది.

ఆదెమ్మ కోడల్ని తిడదామని నోరు తెరిచింది. మనవడి మూలుగు విని మూసేసింది. "నేనూ చూస్తూ ఊరుకున్నానే. నా పాపం కూడా ఉంది, పద" అంది.

చేపలు పోవాలంటే మడుగు ఎండాలి. మడుగు ఎండితే తాగడానికి ఏముంది? ఊరు ఊరంతా వణికిపోయింది. వేసవి చివర, మబ్బు జాడ లేదు. అయినా ఇంటికో రెండు బానల నీళ్ళు పట్టుకుని, గూడ వేసి మూడు రోజులు తోడారు. మొదటిరోజు నడుములోతు, రెండోరోజు మోకాళ్ళలోతు, మూడోరోజు బురద. కొర్రమీను బురదలో దూరి బతికేస్తుందే తల్లీ! కాళ్ళతో తొక్కి, చేతులతో దేవి, ఒక్కొక్కదాన్నీ లాగారు. ఒక్క జంట మిగిలినా అంతా మళ్ళీ మొదలే కదా.

ఆ తర్వాత బానలు అడుగంటాయి. "అమ్మా, దాహం" అన్నాడు పైడిరాజు. ఆఖరి ముంత వాడి నోట్లో పోసింది నూకరత్నం. ఇంకోసారి అడిగితే ఏం పొయ్యాలి? వాడి పెదాల వంక చూడ్డానికే భయమేసింది ఆ పిచ్చితల్లికి.

ఆ రోజు మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగింది. వాన కొట్టింది, అబ్బ, ఏం వాన! మడుగు నిండింది. ఆ గాలితో పాటే ఎక్కడెక్కడి తూనీగలో గుంపులుగా వచ్చి గడ్డి మీద వాలాయి. నీళ్ళలో గుడ్లు పెట్టాయి. మెల్లిగా దోమ తగ్గింది, జ్వరాలు తగ్గాయి.

పైడిరాజు లేచి అమ్మ చెయ్యి పట్టుకుని గట్టుకొచ్చాడు. ఒక ఎర్ర తూనీగ వచ్చి వాడి మోకాలి మీద వాలింది. వాడు కెవ్వుమని అరిచి అమ్మ కొంగులో దూరాడు.

"అమ్మా, అదేంటే? నన్ను తినేస్తుందా?"

నూకరత్నం వాణ్ణి గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లంకలో పుట్టిన బిడ్డకి తూనీగంటే తెలీదు మరి.

మబ్బుకు వాన, మడుగుకు తూనీగ,
కథకు కంచి, కంటికి కునుకు.