శెట్టి భుజాన పట్టుతాడు

అనగా అనగా, అడవి మృగాలకు కూడా మాటలు వచ్చిన రోజుల్లో, తునికికొండ అనే కొండ ఉండేది. కొండకు ఇవతల జేగురుపట్నం, అవతల సంత. మధ్యన అడవిలో ఒకే ఒక్క కాలిబాట. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడాల్సిందే, అంత సన్నటి బాట.

ఆ బాటకొక కట్టుబాటు ఉండేది. కుక్కతో వచ్చినవారు దాన్ని తాడుతో పట్టుకోవాలి. ఎవరైనా ఎదురొస్తే తాడు కురచ చేసి, కుక్కతో సహా పల్లం వైపుకు దిగి, వాళ్లు దాటేదాకా ఆగాలి. రాజుగారి కుక్కకైనా అదే మాట, కాటికాపరి కుక్కకైనా అదే మాట.

జేగురుపట్నంలో వీరిశెట్టి అనే పట్టుబట్టల వర్తకుడు ఉండేవాడు. పిల్లాజెల్లా లేరు. జాజి అనే తెల్లకుక్కే ఆయనకు లోకం. తన విస్తట్లో మొదటి ముద్ద దానికే. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! దానికోసం పచ్చటి పట్టుతాడు పేనించి, చివర జరీకుచ్చు కూడా పెట్టించాడు. తీరా కట్టబోతే మనసొప్పలేదు.

"నా బంగారుతల్లి మెడకు తాడా!" అనుకుని, ఆ తాడును ఉత్తరీయంలా తన భుజాన వేసుకుని, జాజిని స్వేచ్ఛగా వదిలి సంతకు బయలుదేరాడు.

కొంత దూరం పోగానే సోమక్క అనే ముసలమ్మ తేనెకుండతో ఎదురొచ్చింది. జాజి ఒక్క గెంతు గెంతి ఆమె మీదికి కాళ్లు ఎత్తింది. ముసలమ్మ కెవ్వున అరిచింది. కుండ భళ్లున పగిలింది.

శెట్టి ఆశ్చర్యపోయాడు. జాజిని చూసి భయపడేవాళ్లు కూడా ఉంటారా! "భయపడకు అవ్వా! మా జాజి ఏమీ అనదు. ఆడుకుందామని వచ్చింది, అంతే."

"ఆ సంగతి నీకు తెలుసు నాయనా. నాకెట్లా తెలుస్తుంది?" అంటూ సోమక్క మట్టిలో పారుతున్న తేనెను చూస్తూ కూలబడింది.

ఇంకొంత దూరంలో గొర్రెలకాపరి బొల్లయ్య కనిపించాడు. ఆయన కుక్క ముసలిది, కాలికి కట్టు ఉంది. దాన్ని తాడుతో దగ్గరకు లాక్కుని దూరం నుంచే కేకేశాడు. "అయ్యా, మీదాన్ని పట్టుకోండి!"

"మాది ఏమీ అనదులే!" అన్నాడు శెట్టి.

అనేలోపే జాజి వెళ్లి మీద పడింది. ముసలికుక్క నొప్పితో గుర్రుమని పళ్లు బయటపెట్టింది. బొల్లయ్య చప్పున దాన్ని చంకనెత్తుకున్నాడు.

"మీది ఏమీ అనదు, సరే. నొప్పెడితే మాది ఊరుకుంటుందా? మీ మంచికే అరిచాను గదయ్యా!" అన్నాడు.

శెట్టి మరింత ఆశ్చర్యపోయాడు. ఒక కుక్క ఆడుకుంటే ఇంత రాద్ధాంతమా! ముఖం మాడ్చుకుని ముందుకు నడిచాడు.

బాట మలుపు తిరిగింది. తునికిచెట్ల గుబురులో ఏదో కదిలింది. జాజి తోక ఊపుకుంటూ అందులోకి దూరింది. ఒక్క క్షణం చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత జాజి అరుపు, కొమ్మలు విరిగిన చప్పుడు! చీలిన చెవితో అది పరుగెత్తుకొచ్చి శెట్టి కాళ్ల మధ్య దూరింది. దాని వెనకే తల్లి ఎలుగుబంటి వచ్చింది.

శెట్టికి పైప్రాణాలు పైనే పోయాయి.

ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. "భయపడకు శెట్టీ," అంది మెల్లగా. "నేనేమీ అనను. ఆడుకుందామని వచ్చాను, అంతే."

శెట్టి నిర్ఘాంతపోయాడు. అవి తన మాటలే! ఆ గోళ్లు చూస్తుంటే అందులో ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు.

"నమ్మకం కుదరలేదా? నా బిడ్డకూ కుదరలేదు. అదిగో, చెట్టు చిటారున వణుకుతోంది. ఆ కుక్కను ఇక్కడ వదిలి నీ దారిన నువ్వు పో!"

పోతే ప్రాణం దక్కుతుంది. కానీ జాజి గుండె దడదడలాడటం ఆయన కాళ్లకు తెలుస్తోంది. శెట్టికి ఏడుపొచ్చింది.

"తప్పు దానిది కాదు తల్లీ. కట్టుబాటు తెలిసినవాణ్ని నేను. దానికి కట్టాల్సిన తాడును నేను సింగారానికి వేసుకున్నాను. శిక్షిస్తే నన్ను శిక్షించు."

శెట్టి భుజాన ఉన్న తాడు తీసి జాజి మెడకు ముడివేశాడు. తాడు కురచ చేశాడు. ముళ్లకంప గీరుతున్నా పల్లం వైపుకు దిగి, తలవంచుకుని నిలబడ్డాడు.

ఎలుగుబంటి తన బిడ్డను పిలిచింది. అది చెట్టు దిగి, తల్లి చాటున నక్కుతూ బాట దాటింది.

"పొద్దున్నే చేయాల్సిన పని కదా శెట్టీ!" అని తల్లి కూడా అడవిలోకి వెళ్లిపోయింది.

మరుసటి సంతనాడు సోమక్క అదే బాటన వస్తూ తెల్లకుక్కను చూసి కొయ్యబారిపోయింది. చూస్తే ఏముంది, శెట్టి అప్పటికే పల్లంలోకి దిగి, తాడు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. పక్కన ఆమెకోసం తెచ్చిన తేనెకుండ.

"అదేంటి నాయనా, నీ కుక్క ఏమీ అనదన్నావు?" అంది సోమక్క.

"అనదు అవ్వా. అది నాకు తెలుసు. నీకు తెలియదు కదా, అందుకే పట్టుకున్నాను."

మనకు ముద్దైనది ఎదుటివారికి భయం కావచ్చు. నలుగురు నడిచే దారిలో వాళ్ల భయాన్ని గౌరవించడమే మర్యాద.